కదలొద్దు కూర్మారావు

రాయగడ స్టేషన్ రోడ్డులో కూర్మారావు ఇల్లెక్కడని అడిగితే ఎవరూ చెప్పలేరు. కదలొద్దు బాబు ఇల్లెక్కడని అడిగి చూడండి, ఆటోవాడు మారుమాట లేకుండా తీసుకెళ్ళి గుమ్మం ముందు దించుతాడు. ఈ ఊళ్ళో తెలుగు అక్షరం ముక్క రాని ఒడియావాళ్ళకీ, కొండ మీంచి సంతకి దిగే దేశియావాళ్ళకీ కూడా వచ్చిన ఒకే ఒక్క తెలుగు మాట 'కదలొద్దు'. ఆ మాట నేర్పిన పంతులు కూర్మారావే. ముప్ఫై ఏళ్ళుగా ముందు ఎక్సరే బల్ల దగ్గర, తరవాత సీటీ స్కాన్ దగ్గర, ఇప్పుడు ఎమ్మారై దగ్గర నిలబడి ఆయన చేస్తున్న పాఠం అదొక్కటే. ఒడియాలో చెప్పడం రాక కాదు. ఒడియాలో, దేశియాలో, కొండవాళ్ళ కువిలో కూడా చెప్పగలడు. ముందు మర్యాదగా వాళ్ళ భాషలోనే చెబుతాడు. అప్పటికీ రోగి కాలో చెయ్యో కదిపాడంటే మాత్రం సొంత భాష తన్నుకుని బయటికొస్తుంది.

"కదలొద్దన్నానా! ఒక్క నిమిషం రాయినాగ ఉండలేవేటి?"

మనిషి చెడ్డవాడు కాదు. కోపిష్టి, అంతే. గునుపూర్ దగ్గర పల్లెలో వరీ, చోళ్ళూ (అంటే రాగులు) పండించుకునే కుటుంబంలో పుట్టాడు. తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి వంశధార గట్టు పట్టుకుని ఎగువకి వచ్చిన వాళ్ళు. బళ్ళో ఒడియా, ఇంట్లో తెలుగు. ఎక్సరే డిప్లొమా చేతిలో పడగానే దసమంతపూర్‌లో ఒక చిన్న ఆసుపత్రిలో చేరాడు. అక్కడ చీకటి గదిలో ఫిల్ములు కడగడం, తీగ మీద ఆరేయడం, మధ్యలో కరెంటు పోతే లాంతరుకి ఎర్ర కాగితం చుట్టుకుని పని కానివ్వడం అలవాటయింది. మసక బొమ్మ వస్తే చింపి బుట్టలో పారేసి, రోగిని మళ్ళీ బల్లెక్కించేవాడు. అందులో స్వపర భేదం లేదు. సొంత మావగారి విరిగిన తుంటికి మూడుసార్లు ఎక్సరే తీశాడు, ఆయన లబలబలాడుతున్నా వినకుండా.

ఆ రోజుల్లో ఆయన తీసిన పుర్రె బొమ్మ చూసి విశాఖపట్నంలో ఒక పెద్ద డాక్టరు, "ఎవరు తీశారయ్యా ఇది?" అని అడిగాడట. ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ కూర్మారావు ఆ కథ చెబుతాడు. చెప్పిన ప్రతిసారీ భార్య వరహాలమ్మ వంటింట్లోంచి, "ఏ డాక్టరో పేరు సెప్పండి మరి" అంటుంది. ఆ పేరు ఆయనకి గుర్తులేదు. ఆ డాక్టరుకి ఈయన పేరూ తెలిసుండదు. డాక్టర్ల పేర్లు రిపోర్టు కింద ఉంటాయి, సంతకాలుంటాయి. బొమ్మ తీసినవాడి పేరు ఎక్కడా ఉండదు.

అన్నట్టు, చోళ్ళ సంచుల సంగతి చెప్పాలి. ఎక్సరే రోజుల్లో వణికే చేతుల మీద, ముసలివాళ్ళ మోకాళ్ళ మీద ఇసుక సంచులు పెట్టేవాడు. ఎమ్మారై మిషను వచ్చాక, బిగించడానికి వచ్చిన ఇంజనీరు ఆ సంచులు చూసి అదిరిపోయాడు. అది పెద్ద అయస్కాంతం, మన ఇసుకలో ఇనప రజను ఉంటుంది, గదిలోకి తేవద్దన్నాడు. కూర్మారావు రెండ్రోజులు ఆలోచించి ఇంటికెళ్ళి వరహాలమ్మ పాత చీరలు చింపించి, చిన్న చిన్న సంచులు కుట్టించి, వాటినిండా చోళ్ళు పోయించాడు. చోళ్ళు మెత్తగా ఒదుగుతాయి, బరువుగా ఉంటాయి, అయస్కాంతానికి వాటితో పేచీ లేదు. "ఇంట్లో అంబలికి సోళ్ళు లేవు గానీ ఆసుపత్రిలో పన్నెండు సంచులున్నాయి" అని వరహాలమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

ఇదంతా చెప్పింది ఆయన ఎంత గట్టివాడో తెలియడానికి. అలాంటివాడు కూడా ఒకసారి తప్పు చేశాడు. దాన్ని ఆయన దాచుకోలేదు కాబట్టి మనమూ దాచనక్కర్లేదు.

చైత్రమాసంలో ఒక గురువారం. కోరాపుట్ నుంచి గురు, శుక్రవారాలు రాయగడ వచ్చి స్కానింగు సెంటర్లోనే ఒక గదిలో రోగుల్ని చూసే నరాల డాక్టరు సౌమ్యరంజన్ ఒక అమ్మాయిని పంపాడు. చీటీలో, మెదడు స్కానింగు మళ్ళీ తీయాలని రాసి, 'మళ్ళీ' కింద రెండు గీతలు గీశాడు. అమ్మాయి పేరు కిరణ్మయి, పందొమ్మిదేళ్ళు. కూడా వచ్చిన తండ్రి సూర్యారావు రాయగడ జంక్షన్‌లో పాయింట్స్‌మన్, గూడ్సు బళ్ళు దారి మార్చే మనిషి. తల్లి నీలవేణి. ఒక్కతే కూతురు.

అమ్మాయి కుడి చెయ్యి చేటతో చెరుగుతున్నట్టు ఎగిరెగిరి పడుతోంది. దాన్ని ఎడమ చేత్తో పట్టుకుంటే భుజం ఎగురుతుంది. నోటి చివర తడి కారకుండా తల్లి రుమాలుతో అద్దుతూ ఉంది. మాట్లాడబోతే మొదటి అక్షరం దగ్గరే నాలుక ఆగిపోతోంది. మొహం మీద ఒక నవ్వు ఉంది గానీ అది నవ్వు కాదు, కండరాలు అలా బిగుసుకుపోయాయి. మణికట్టుకి లావుపాటి రాగి కడియం. వణుకు పోతుందని ఎవరో చెబితే వేయించారట. కూర్మారావు కడియం తీయించి పళ్ళెంలో పెట్టి, పాత కాగితాలు చూపించమని సూర్యారావుని అడిగాడు.

కాగితాలు చాలానే ఉన్నాయి. ఒక డాక్టరు 'మానసికం' అన్నాడు. ఇంకొకరు చదువు తప్పించుకోడానికి వేషాలన్నారు. మూడో ఆయన పిచ్చికిచ్చే మాత్రలు ఇచ్చాడు, వాటితో ఉన్న మాట కూడా బిగుసుకుపోయింది. ఒక్కొక్కటే తిరగేసుకుంటూ పోతే అట్టడుగున ఒక స్కానింగు చీటీ తగిలింది. పోయిన శ్రావణం నాటిది. ఈ సెంటరుదే. బొమ్మ మసక. రిమార్కుల గడిలో ఇంగ్లీషులో రెండే రెండు మాటలు, రోగి సహకరించలేదని. ఆ చేతిరాత కూర్మారావుది.

ఆ రోజు ఆయనకి గుర్తుకొచ్చింది. మూడు రోజులు కరెంటు లేక మిషను ఆగి, నాలుగో రోజు పందొమ్మిది మంది ఒకేసారి వచ్చి పడ్డారు. ఈ పిల్ల పదిహేడో పదహారో. కదిలింది. అరిచాడు. ఇంకా కదిలింది. ఇంకా గట్టిగా అరిచి, విసుగొచ్చి ఆ రెండు మాటలు గిలికి పంపేశాడు. ముప్ఫై ఏళ్ళలో ఆయన చెయ్యి దాటి గేటు బయటికెళ్ళిన మసక బొమ్మ అదొక్కటే అయ్యుండాలి. తరవాత వచ్చిన ప్రతి డాక్టరూ ముందు ఆ రెండు మాటలు చదివాడు, తరవాతే పిల్ల మొహం చూశాడు. సహకరించదు, మొండిది, మానసికం. కాగితం మీద కాగితం ఎలా పేరుకుందో కూర్మారావుకి వరసగా కనబడింది.

ఎవరికీ ఏమీ చెప్పకుండా పన్నెండు చోళ్ళ సంచులూ తెచ్చాడు. చేతుల మీద, భుజాల మీద, మోకాళ్ళ మీద ఒత్తుగా పేర్చాడు. తల చుట్టూ మెత్తలు కూరాడు. ఆ రోజు అరవలేదు. 'అమ్మీ, నా తల్లీ, ఒక్క నిమిషం' అని బతిమాలాడు. చేతులు ఆగాయి గానీ ఆ వణుకు మెడలోకి, దవడలోకి ఎక్కింది. నలభై నిమిషాలు తంటాలు పడితే తెర మీద వచ్చింది తడి కాగితం మీద ఒలికిన సిరా. పిల్ల కళ్ళల్లోంచి నీళ్ళు కారి చెవుల్లోకి పోతున్నాయి. కదలకూడదని ఆమెకి తెలుసు. ఆమె మాట ఆమె ఒళ్ళే వినడం లేదు.

సెంటరు మేనేజరు గోవిందరాజులు తలుపు తోసుకుని వచ్చాడు. "ఇంకా పదకొండు మంది ఉన్నారు సార్. తెరుబలి నుంచి నడుం నొప్పి వాళ్ళు పొద్దుట్నుంచీ కూసున్నారు. వచ్చిందేదో ఇచ్చేసి, పాత చీటీలో రాసినట్టే రాసేయండి."

"పాత సీటీలో ఏటి రాసుందో సదివేవా?"

"సదివేను. మీరే కదా రాసేరు."

"నానే రాసేను. అందుకే సెప్తున్నాను. ఈ బొమ్మ గేటు దాటదు."

గోవిందరాజులు తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయాడు. కూర్మారావు ఆ గొంతుతో మాట్లాడితే మిషను కూడా నోరు మూసుకుంటుందని సెంటర్లో ఒక వాడుక ఉంది.

సౌమ్యరంజన్‌కి ముప్ఫై అయిదేళ్ళుంటాయి, మాటల్లో తొందర ఉండదు. కూర్మారావు ఆయన గదికెళ్ళి, మత్తిచ్చి పడుకోబెట్టలేమా అని అడిగాడు. డాక్టరు తల అడ్డంగా ఊపాడు.

"మత్తు డాక్టరు పక్కన లేకుండా ఇవ్వను, కూర్మారావు బాబూ. మంచినీళ్ళు మింగినా పిల్లకి పొలమారుతోంది. విశాఖపట్నంలో అడిగాను, మూడు వారాల తరవాత తారీకు ఇచ్చారు. ఎనిమిది నెలల్లో చెయ్యి పోయింది, రాత పోయింది, ఇప్పుడు మాట పోతోంది. మూడు వారాలకి ఇంకేం పోతుందో నాకు తెలీదు." కుర్చీ ముందుకి జరిపాడు. "ఇది పిచ్చి కాదు. అది మటుకు చెప్పగలను. మెదడులో ఏదో నెమ్మదిగా పాడవుతోంది. అలా పాడుచేసే జబ్బులు ఓ ఇరవై ఉన్నాయి, అన్నీ అరుదైనవే. కొన్నిటికి మందుంది, కొన్నిటికి లేదు. ఏదో తెలియకుండా ఏ మందివ్వను? నాకు శుభ్రమైన బొమ్మ కావాలి. రేపు సాయంత్రం దాకా ఇక్కడే ఉంటాను."

ఆ మధ్యాహ్నం మిగతా పదకొండు మందినీ తన కింద పనిచేసే టెక్నీషియనుకి అప్పగించి కూర్మారావు రైల్వే క్వార్టర్లకి నడిచాడు. ఎందుకెళుతున్నాడో ఆయనకి పూర్తిగా తెలీదు. చీటీ మటుకు జేబులో ఉంది.

క్వార్టర్లు పట్టాలకి నలభై అడుగుల దూరంలో ఉన్నాయి. సూర్యారావు వరండాలో కూచుని ఉన్నాడు, డ్యూటీకి వెళ్ళబోతూ మెళ్ళో విజిలు వేసుకుని. కూర్మారావుని చూసి లేచి నిలబడి కుర్చీ జరిపాడు. ఈయన కూచోలేదు.

"సూర్యారావూ, ఆ మాట రాసింది నాను. పిల్ల సహకరించలేదని. పోయిన శ్రావణంలో."

సూర్యారావు మెళ్ళో విజిలు తీసి కుర్చీ మీద పెట్టాడు. అరిచినా బావుండునని కూర్మారావుకి అనిపించింది. కోపానికి కోపం ఎలా ఇవ్వాలో ఆయనకి తెలుసు, ఈ నెమ్మదికి ఏమివ్వాలో తెలీదు.

"ఆ సీటీ మా అమ్మి సదివింది బాబూ" అన్నాడు. "డాక్టర్లు ఏటన్నా పడింది. అదొక్కటే పట్టుకుని ఏడ్సింది. నాను కదలకుండా ఉండాలని ఎంత సూసేనో ఆయనికేటి తెలుసు నాన్నా, అంది. అప్పటికింకా మాటొచ్చేది."

గోడకి ఒక అట్ట బోర్డు తగిలించి ఉంది. పైన తెలుగులో, కింద ఒడియాలో, రైల్వే కాలనీ వినాయక చవితి ఉత్సవాలు అని. కొలబద్ద పెట్టి గీసినట్టున్న గుండ్రటి అక్షరాలు. రెండేళ్ళ కిందటి వరకూ కాలనీలో శుభలేఖల మీద పేర్లు రాయాలన్నా, పందిరికి బోర్డు కట్టాలన్నా కిరణ్మయినే పిలిచేవారట. జబ్బు మొదట బయటపడింది అక్షరాల్లోనే. గుండ్రంగా ఉండేవి చిన్నవయ్యాయి, తరవాత వంకరపోయాయి, తరవాత కలం జారిపోయింది. కూర్మారావు ఆ బోర్డు ముందు చాలాసేపు నిలబడ్డాడు. తిన్నని పని చూస్తే గౌరవం ఇవ్వకుండా ఉండలేని మనిషి ఆయన.

అప్పుడే బొగ్గు గూడ్సు ఒకటి వచ్చింది. నేల అదిరింది, కిటికీ రెక్కలు గడగడలాడాయి, అలమరాలో గిన్నెలు మోగాయి. కూర్మారావు అప్రయత్నంగా లోపలి గదిలోకి చూశాడు. చాప మీద కిరణ్మయి నిద్రపోతోంది. కుడి చెయ్యి పక్కన పడి ఉంది. కదలడం లేదు. మెడ కదలడం లేదు. దవడ కదలడం లేదు. యాభై ఎనిమిది పెట్టెలు దడదడా పోతుంటే పిల్ల ఒంట్లో ఊపిరి తప్ప ఏదీ కదలడం లేదు.

"ఇంత సప్పుడికి లెగదా?" అని గుసగుసగా అడిగాడు.

నీలవేణి మంచినీళ్ళు తెస్తూ అంది. "ఇక్కడే పుట్టింది కాదా బాబూ. సప్పుడుంటే పడుకుంటాది. సప్పుడాగిపోతే లేస్తాది. మా అత్తోరింటికి పల్లెకెళ్తే దీనికి నిద్రే రాదు."

"నిద్దట్లో ఎప్పుడూ ఇంతేనా? సెయ్యి ఎగరదా?"

"ఎగరదు. నిద్దట్లోనే నా పిల్ల నా పిల్లలాగుంటాది."

కూర్మారావు ఆ నీళ్ళు గటగటా తాగేశాడు. ఎమ్మారై మిషను చప్పుడు గురించి రోగులు రోజూ ఆయన దగ్గర మొత్తుకుంటారు, రైలు మీదికొచ్చినట్టుందని. ఆ మాట ఇన్నాళ్ళూ ఆయనకి తిట్టులాగే వినబడింది.

మర్నాడు శుక్రవారం. మధ్యాహ్నం ఒంటిగంటకి సెంటరు వెనక వరండాలో వరహాలమ్మ చాప పరిచింది. ఇంటి నుంచి పెద్ద గిన్నెతో చద్దన్నం తెచ్చింది. మనం చద్దన్నం అంటాం, ఒడియావాళ్ళు పఖాళ అంటారు. చైత్రపు ఎండలో అది పెరుగుతో, పచ్చి ఉల్లిపాయతో, నలిపిన మినప వడియాలతో కడుపునిండా తిన్నవాడు రెండింటికల్లా ఎక్కడుంటే అక్కడ ఒరిగిపోతాడు. అందుకే రాయగడ ఆఫీసుల్లో ఎండాకాలం మధ్యాహ్నం ఏ పనీ జరగదు. కూర్మారావు ముప్ఫై ఏళ్ళుగా ఆ నిద్రని తిట్టుకుంటూ వచ్చిన మనిషి, ఈ రోజు దాన్నే పనికి పిలిచాడు. పొద్దున నాలుగింటికే పిల్లని లేపి కూచోబెట్టమని తల్లికి ముందే చెప్పాడు.

వరహాలమ్మ అన్నాన్ని మెత్తగా పిసికి, జారుగా చేసి, చిన్న చిన్న ముద్దలు పెట్టింది. ప్రతి ముద్దకీ ఆగి, గొంతు కదలడం చూసి, అప్పుడు ఇంకోటి. "మా ఆయన అరిసేడటమ్మా నీ మీద" అంది. "ఇంట్లో నా మీద రోజూ అరుస్తాడు. నాను పట్టించుకోను. నువ్వూ పట్టించుకోకు." బిగుసుకున్న ఆ మొహంలో కళ్ళు మాత్రం నిజంగా నవ్వాయి.

రెండు కాకుండానే రెప్పలు వాలాయి. సూర్యారావు విజిలూ, బెల్టూ, తాళాలూ, చెప్పులూ అన్నీ బయట పెట్టి, కూతుర్ని పసిపిల్లలా ఎత్తుకుని బల్ల మీద పడుకోబెట్టాడు. చెవుల్లో దూది, పైన హెడ్‌ఫోన్లు, చేతుల మీద చోళ్ళ సంచులు. వెనకటి రోజు సంచులు బిగించి పట్టుకున్నాయి, ఇవాళ ఊరికే దుప్పటిలా ఉన్నాయి. సూర్యారావుని పిల్ల కాళ్ళ దగ్గర స్టూలు మీద కూచోబెట్టాడు కూర్మారావు.

"మిషను మధ్య మధ్యలో ఆగుతాది. పది సెకన్లు. నాను ఎంత తొందరపడినా ఆ పదీ తప్పవు. అప్పుడు పిల్ల లేస్తాది. ఆ పది సెకన్లూ నువ్వు సూసుకో."

"నానేటి సెయ్యాలి?"

"రోజూ ఇనేదేదో ఇనిపించు."

మిషను మొదలయింది. అద్దం ఇవతల కూర్మారావు తెర మీంచి కళ్ళు తీయలేదు. మొదటి వరస బొమ్మలు శుభ్రంగా వచ్చాయి. మిషను ఆగింది. సూర్యారావు అరచేత్తో బల్ల అంచు మీద కొట్టడం మొదలెట్టాడు, పట్టాల అతుకుల మీద చక్రాలు పడే లెక్కలో, దడదడ, దడదడ. మిషను మళ్ళీ అందుకుంది. రెండో వరస శుభ్రం. మూడో దాని తరవాత పిల్ల పాదం కదిలింది. కూర్మారావు నోట్లోకి 'కదలొద్దు' వచ్చేసింది. పళ్ళు బిగించి దాన్ని మింగేశాడు. ఇరవై ఏడేళ్ళ టెక్నీషియను ఆయన పక్కన నిలబడి ఉంది, రామతులసి అని, ఆయన దగ్గరే పని నేర్చుకుంది. కదలొద్దు బాబు 'కదలొద్దు' అనకుండా మింగడం తను చూశానని ఇప్పటికీ అందరికీ చెబుతుంది. లోపల దడదడ కాస్త జోరందుకుంది. పాదం మళ్ళీ నెమ్మదించింది.

డాక్టరు రాసిన లెక్క ప్రకారం అయిదు వరసలతో పని అయిపోయింది. కూర్మారావు ఆపలేదు. పిల్ల నిద్రలో ఉండగానే మెదడు నడుమ కాడలా ఉండే చోట బొమ్మలు మామూలుకంటే సన్నటి పొరలుగా, దగ్గర దగ్గరగా ఇంకో వరస పెట్టాడు. అది డాక్టరు అడగలేదు. ముప్ఫై ఏళ్ళ అనుభవం అడిగింది.

ఆ వరసలో మూడో పొర తెర మీదికొచ్చేసరికి ఆయన కుర్చీలోంచి సగం లేచాడు. చుట్టూ తెలుపు, మధ్యలో రెండు నల్లటి గుండ్రటి కళ్ళు, కింద మూతి. ఎలుగుబంటి మొహం. ఇలాంటిది ఆయన జీవితంలో ఒక్కసారే చూశాడు, చదువుకునే రోజుల్లో, ఎవరో పాఠం చెబుతూ దీపం ముందు పెట్టిన ఫిల్ము మీద. దాని పేరు తెలుసు. దానికి మందు ఉందనీ తెలుసు. కానీ జబ్బు పేరు చెప్పడం టెక్నీషియను పని కాదు, అది డాక్టరుది. బయట బెంచీ మీద నీలవేణి చేతులు పిసుక్కుంటూ ఉంది. ఆమె ముందునుంచి ఒక్క మాట అనకుండా నడిచి డాక్టరు గదికి వెళ్ళడం కూర్మారావు చేసిన పనులన్నిటిలో కష్టమైనది.

"ఒక్కసారి వచ్చి చూడండి సార్" అన్నాడు. అంతే అన్నాడు.

సౌమ్యరంజన్ తెర ముందు కూచుని చాలాసేపు చూశాడు. బొమ్మలు వెనక్కి తిప్పి, ముందుకి తిప్పి, మళ్ళీ ఆ పొర దగ్గర ఆగాడు. తరవాత లేచి, అప్పుడే నిద్ర లేస్తున్న కిరణ్మయి దగ్గరికెళ్ళి చిన్న టార్చితో కంట్లోకి పక్కనుంచి వెలుగు వేశాడు. నల్లగుడ్డు అంచు చుట్టూ సన్నగా, గోధుమరంగులో ఒక వలయం. నల్ల కళ్ళల్లో అది మామూలుగా కనబడదు. వెతికేవాడికే కనబడుతుంది.

"పాండా మొహం అంటారు దీన్ని మా పుస్తకాల్లో" అన్నాడు. "విల్సన్ జబ్బు కావచ్చు. తిండిలో వచ్చే రాగిని లివరు బయటికి పంపలేదు. అది లివరులో, మెదడులో, కంట్లో పేరుకుపోతుంది. రక్తం, మూత్రం, కంటి పరీక్ష చేస్తే ఖాయం చేస్తాను." కూర్మారావు వైపు తిరిగాడు. "ఈ సన్నటి పొరలు నేను రాయలేదు కదా?"

"లేదు సార్."

"రాయాల్సింది" అన్నాడు డాక్టరు.

పది రోజుల్లో పరీక్షలన్నీ అదే మాట చెప్పాయి. ముప్ఫై, నలభై వేల మందిలో ఒకరికి వచ్చే జబ్బు. వదిలేస్తే మనిషిని మిగల్చదు, పట్టుకుంటే మందుకి లొంగుతుంది. ఆ సంగతి విన్న రోజు నీలవేణి సంతోషించడానికి ముందు ఇంకోటి గుర్తొచ్చి కుప్పకూలిపోయింది. వణుకు తగ్గుతుందని ఏడాదిగా పిల్లకి రాగి చెంబులో నీళ్ళు పోసి తాగించింది, రాగి కడియం తొడిగింది.

"నానే సంపుకున్నానా బాబూ నా పిల్లని?"

"కాదమ్మా" అన్నాడు సౌమ్యరంజన్. "ఇది పుట్టుకతో వచ్చింది, మీ ఇద్దరి నుంచీ కలిసి. చెంబు వల్ల రాలేదు. ఇకమీదట మాత్రం చెంబు వద్దు."

కూర్మారావు ఆ గురువారం నుంచీ పళ్ళెంలోనే ఉండిపోయిన కడియం తీసి సూర్యారావు చేతిలో పెట్టాడు. దాంతో ఏం చెయ్యాలో సూర్యారావుకి తోచలేదు. చివరికి క్వార్టరు గేటు గొళ్ళేనికి తగిలించాడు, ఇప్పటికీ అక్కడే ఉంది.

మందు మంత్రం కాదు. మొదటి రెండు నెలలూ పిల్ల ఇంకా దిగజారింది. ఇలా అవుతుందని డాక్టరు ముందే చెప్పినా నీలవేణి బెంగతో సగమైపోయింది. రాగి ఎక్కువని పలాస చుట్టాలు పంపే జీడిపప్పు మానేశారు, చాక్లెట్లు మానేశారు, మాత్రలు మాత్రం ఒక్క పూటా మానలేదు. నాలుగో నెలలో నోటి తడి ఆగింది. ఏడో నెలలో 'నాన్నా' అంది. పట్టాల మీదున్న సూర్యారావుకి ఎవరో ఫోను చేసి వినిపిస్తే పచ్చ జెండా చేతిలోనే పట్టుకుని ఏడ్చాడట. దార్లో నీలవేణి ఎప్పుడు కనబడినా వరహాలమ్మ ఈ కబుర్లన్నీ ఇంటికి మోసుకొచ్చేది. కూర్మారావు మాత్రం ఆ క్వార్టర్లకి మళ్ళీ వెళ్ళలేదు. ఎందుకని అడిగితే మిషను ఖాళీ లేదన్నాడు. సిగ్గు అని ఒప్పుకునే రకం కాదు.

ఏడాదిన్నర తరవాత, కిందటి ఆశ్వయుజంలో, కిరణ్మయి మళ్ళీ స్కానింగుకి వచ్చింది, మందు ఎంతవరకు పనిచేసిందో చూడడానికి. తండ్రి చెయ్యి పట్టుకోకుండా నడిచి వచ్చింది. కుడి చెయ్యి కొసలో కొంచెం వణుకు మిగిలింది, మాట కాస్త సాగుతుంది. కూర్మారావు అలవాటుగా చోళ్ళ సంచులు తెచ్చాడు.

"అవి వద్దు మావయ్యా" అంది. బల్ల మీద పడుకుని, కళ్ళు మూసుకుని, మెలకువగానే ఇరవై అయిదు నిమిషాలు పడుకుంది. ఏ వరసా మళ్ళీ తీయాల్సిన పని పడలేదు. ఎలుగుబంటి మొహం సగానికి పైగా చెరిగిపోయింది. కూర్మారావు ఆ బొమ్మని చూసినంతసేపు తన పెళ్ళి ఫోటో కూడా చూసుండడు.

బయటికొచ్చి చీటీ నింపుతున్నాడు. పేరు, వయసు, తారీకు. రిమార్కుల గడి దగ్గరికొచ్చేసరికి కలం ఆగింది. కిరణ్మయి ఆయన్నే చూస్తోంది. చెయ్యి చాపింది.

"అది నేను రాస్తాను."

గోవిందరాజులు, పేషెంట్లు రాయకూడదమ్మా అనబోయి, కూర్మారావు మొహం చూసి మానేశాడు. పిల్ల బల్ల మీదికి వంగింది. ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని రాసింది. అయిదు మాటలకి అయిదు నిమిషాలు పట్టింది. వెనక ఉన్న తెరుబలి మనిషి గొణగబోతే, "కదలొద్దు" అన్నాడు కూర్మారావు, చాలా నెమ్మదిగా. అక్షరాలు ఆ అట్ట బోర్డు మీదున్నంత గుండ్రంగా లేవు. కానీ ఒక్కటీ గీత దిగి జారలేదు. కింద సంతకం కూడా పెట్టింది.

ఆ చీటీ ఫైలులోకి పోలేదు. ఫైలుకి కూర్మారావు నకలు తీసి పెట్టి, అసలుది ఇంటికి తెచ్చుకుని అద్దం కట్టించాడు. దసరాకి గునుపూర్ నుంచి బావమరిది వచ్చాడు. కూర్మారావు విశాఖపట్నం డాక్టరు కథ ఎత్తలేదు. గోడ మీది పటం దింపి చేతికిచ్చాడు. బావమరిది పైకి చదివాడు.

'టెక్నీషియను గారు చాలా బాగా సహకరించారు.'

బావమరిది నవ్వాడు. "ఎవరన్నారు బావా ఈ మాట?"

వంటింట్లోంచి వరహాలమ్మే జవాబు చెప్పింది. "కింద పేరుంది, సదువు."